కళాశాలల పరుగు పోటీలు – వడదెబ్బ, రక్తహీనత

వానలు తెరిపి ఇచ్చి, వరి చేలు పొట్టకు వచ్చే రోజులలో మన కళాశాలల మైదానాలలో సున్నపు గీతలు పడతాయి. ఒక విశ్వవిద్యాలయం పరిధిలోని కళాశాలల విద్యార్థులు ఒక చోట చేరి పరుగులలో, లాంగ్ జంప్, హై జంప్ వంటి పోటీలలో, గుండు, బల్లెం విసరడంలో పాల్గొంటారు. ట్రాక్ మీద పోటీలు రెండు మూడు రోజులు సాగుతాయి. క్రాస్ కంట్రీ పరుగును మాత్రం వేరొక ఉదయాన ఊరి బయట, కాలువ గట్ల మీద, మట్టి బాటల మీద, పచ్చిక మీద జరుపుతారు. ఈ అంతర కళాశాలల పోటీలలో ఎంపికైన వారు విశ్వవిద్యాలయపు జట్టుగా అంతర విశ్వవిద్యాలయ పోటీలకు వెళ్తారు. ఆ పోటీలను 1925లో ఏర్పడిన భారత విశ్వవిద్యాలయాల సంఘం నిర్వహిస్తుంది.

ఇవి చిన్న పోటీలని తీసివేయరాదు. విశాఖపట్నానికి చెందిన జ్యోతి యర్రాజి 2023లో చెంగ్డూలో జరిగిన ప్రపంచ విశ్వవిద్యాలయ క్రీడలలో 100 మీటర్ల హర్డిల్స్‌ను 12.78 సెకన్లలో ముగించి కాంస్య పతకం పొందింది. కాలికి సరైన బూట్లు లేని పిల్లలకు ఎవరైనా మొదటిసారి గడియారం పట్టి చూసే చోటు ఇటువంటి మైదానమే. క్రీడల కోటాలో ఉద్యోగమో, పై చదువులో సీటో వస్తుందన్న ఆశతో రాత్రి బస్సులలో ప్రయాణించి వచ్చేవారు ఎందరో.

నేను ప్రభుత్వ వైద్యశాలలలో పనిచేసిన కాలంలో సుమారు 20 సంవత్సరాలు కోస్తా జిల్లాలలో ఇటువంటి పోటీలకు వైద్యునిగా వెళ్ళాను. ఆ అనుభవంలో నాకు స్థిరపడిన అభిప్రాయం ఒకటి ఉన్నది. పరుగు మంచిది, యువకుల గుండెకు, ఎముకలకు, మనస్సుకు అంతకు మించిన వ్యాయామం అరుదు. అయితే "క్రీడాకారుడు కదా, ఆరోగ్యంగానే ఉంటాడు" అన్న నమ్మకం ప్రమాదకరం. శరీరంలో దాగి ఉన్న లోపాన్ని పరుగు బయటపెడుతుంది. దానిని గుర్తించడానికి మైదానంలో ఒకరు ఉండాలి. ఆగవలసిన చోట ఆగడానికి పిల్లలకు అనుమతి కూడా ఉండాలి. ఈ రెండు విషయాలను గురించే ఈ వ్యాసం.

జట్టు లెక్క

క్రాస్ కంట్రీ పరుగును చూడనివారి కొరకు దాని లెక్క కొంచెం చెప్పాలి. ఇది ఒంటరి పరుగులా కనిపించినా జట్టు పోటీ. చాలా పోటీలలో ఒక జట్టు నుండి ఆరుగురు పరిగెత్తితే, ముందుగా వచ్చిన నలుగురి స్థానాలను కూడుతారు. ఒక కళాశాల వారు 3, 8, 15, 22 స్థానాలలో వస్తే ఆ జట్టు మొత్తం 48. అందరికంటె తక్కువ మొత్తం వచ్చిన జట్టు గెలుస్తుంది. నలుగురు గీత దాటకపోతే ఆ కళాశాలకు జట్టు లెక్కే ఉండదు. మొదట వచ్చినవాడు ఎంత వేగంగా పరిగెత్తినా, జట్టు బహుమతి నాలుగవవాని కాళ్ళ మీద ఆధారపడి ఉంటుంది.

ఇందులో ఒక అందం ఉన్నది. ఒక ఆపద కూడా ఉన్నది. ఆరుగురు లేని చిన్న కళాశాలలు సరిగ్గా నలుగురినే తీసుకువస్తాయి. ఆ నలుగురిలో ఒకనికి ముందురోజు జ్వరం తగిలితే అతడు చెప్పడు. తాను తప్పుకుంటే మిగిలిన ముగ్గురి శ్రమ వృథా అవుతుందని అతనికి తెలుసు.

ఎండలో ఈ పరుగు ఎంత దారుణంగా పరిణమించగలదో 1924 పారిస్ ఒలింపిక్ క్రీడలు చూపించాయి. జూలై నెలలో, తీవ్రమైన ఎండలో సుమారు పదిన్నర కిలోమీటర్ల క్రాస్ కంట్రీ పరుగును జరిపారు. 38 మంది బయలుదేరితే 15 మంది మాత్రమే గీత దాటారు. ఫిన్లాండుకు చెందిన పావో నుర్మి మొదట వచ్చాడు. ఆ దేశపు జట్టు లెక్కకు మూడవవాడైన లీమటైనెన్ ముగింపు గీతకు కొద్ది దూరంలో దిక్కుతోచక ఆగిపోయి, ఆ తరువాత తూలుతూ గీత దాటాడు. ఎందరో దారిలోనే కూలిపోయారు. ఆ తరువాత ఒలింపిక్ క్రీడలలో క్రాస్ కంట్రీ పరుగు మరి జరగలేదు.

శరీరంలో పుట్టే వేడి

వడదెబ్బ ఎండ వలననే వస్తుందని మనం అనుకుంటాము. పరిగెత్తేవారిలో వేడి ప్రధానంగా లోపలి నుండి వస్తుంది. లెక్క చూడండి. 60 కిలోల బరువున్న యువకుడు 10 కిలోమీటర్లు పరిగెత్తితే సుమారు 600 కేలరీల శక్తి ఖర్చవుతుంది. అందులో కదలికకు ఉపయోగపడేది నాలుగవ వంతు లేక అంతకంటె తక్కువ. మిగిలిన 450 కేలరీలు, అంతకు పైన, వేడిగా మారుతాయి. ఆ శరీరపు ఉష్ణోగ్రత ఒక డిగ్రీ సెల్సియస్ పెరగడానికి సుమారు 50 కేలరీలు చాలు. అనగా వేడి బయటకు పోయే మార్గమే లేకపోతే ఒక్క పరుగులో శరీరం 9 డిగ్రీలు పెరగాలి. 37కు 9 కలిపితే 46. ఆ ఉష్ణోగ్రతలో ఎవరూ బ్రతకరు.

మనలను కాపాడేది చెమట. ఒక లీటరు చెమట ఆవిరి అయితే సుమారు 580 కేలరీల వేడిని తీసుకొనిపోతుంది. అది ఆవిరి కావాలి. నేల మీద కారిపోయిన చెమట వలన ప్రయోజనం లేదు. గాలిలో తేమ ఎక్కువగా ఉన్న రోజు చొక్కా తడిసి ముద్దవుతుంది గాని ఒళ్ళు చల్లబడదు. మన కోస్తా వారికి ఈ ఉక్కపోత బాగా తెలుసు. 1950లలో అమెరికా సైనిక శిక్షణ కొరకు రూపొందించిన వేడి సూచికలో కూడా తడి ఉష్ణమాపకానికి 70 శాతం, సూర్యతాపానికి 20 శాతం, మామూలు గాలి ఉష్ణోగ్రతకు 10 శాతం విలువ ఇచ్చారు. ఆకాశం మబ్బు పట్టి ఉన్నా, ఎండ లేకపోయినా, 32 డిగ్రీలే ఉన్నా, పరుగులో వడదెబ్బ తగలడానికి కారణం ఇదే.

మరొక విషయం. నెమ్మదిగా సాగే సుదీర్ఘమైన పరుగు కంటె వేగంగా సాగే 5 నుండి 10 కిలోమీటర్ల పరుగులోనే వేడి త్వరగా పెరుగుతుంది. "పది కిలోమీటర్లే కదా" అనడం సరి కాదు. క్రితం రోజు జ్వరం, విరేచనాలు, నిద్రలేమి, కొత్తగా శిక్షణ మొదలుపెట్టడం, శరీర బరువు ఎక్కువగా ఉండడం, జలుబుకు వాడే కొన్ని మందులు ప్రమాదాన్ని పెంచుతాయి. వేడికి శరీరం అలవాటు పడడానికి 10 నుండి 14 రోజులు పడుతుంది. చల్లని ప్రదేశం నుండి వచ్చి మరునాడే పరిగెత్తేవారికి ఆ రక్షణ ఉండదు.

రెండు ఐసు దిమ్మలు

ఒక సంవత్సరం అక్టోబరులో జరిగిన పోటీ గురించి చెబుతాను. కళాశాల పేరు అవసరం లేదు. పరుగు ఆరు గంటలకు మొదలు కావలసి ఉండగా, ముఖ్య అతిథి రాక ఆలస్యమై ఎనిమిదింటికి మొదలైంది. నేను ముందురోజే రెండు ఐసు దిమ్మలు, ఒక పెద్ద తొట్టి, నీళ్ళ డ్రమ్ములు కావాలని అడిగాను. "పెళ్ళివారింటికి తెప్పించినట్లు ఐసు దిమ్మలెందుకండీ డాక్టరు గారూ?" అని నిర్వాహకులలో ఒకరు నవ్వారు. చేపల రేవు నుండి దిమ్మలు తెచ్చి ఊకలో పెట్టారు. తొట్టి దొరకలేదు. ధాన్యం రాశుల మీద కప్పే బరకం ఒకటి దొరికింది. అంబులెన్సు ఉదయం వచ్చింది గాని, ఆలస్యమయ్యేసరికి వేరే పిలుపు మీద వెళ్ళిపోయింది.

ఒక చిన్న కళాశాల నుండి నలుగురు వచ్చారు. వారిలో నాలుగవవాడు ముగింపుకు రెండు వందల మీటర్ల ముందు పక్కకు ఒరగసాగాడు. చుట్టూ ఉన్నవారు "ఇంకొంచెం, ఇంకొంచెం" అని అరుస్తున్నారు. అతడు గీత దాటి, ఆగకుండా జనంలోకి నడిచి, చెట్టును పట్టుకొని నిలబడ్డాడు. చెస్ట్ నంబరు ఎంత నాయనా అని అడిగితే వాళ్ళ అమ్మ పేరు చెప్పాడు. నీళ్ళ సీసా అందిస్తే విసిరికొట్టాడు. ఆ తరువాత కాళ్ళు ముడుచుకొని కూలిపోయాడు. శరీరం చెమటతో తడిసి ఉన్నది. చంకలో పెట్టి చూస్తే 101 డిగ్రీలే. మలద్వారంలో ఉష్ణమాపకం ఉంచి చూస్తే 107 డిగ్రీల ఫారెన్‌హీట్!

ఒకరు జీపు తెచ్చారు. "ముందు ఆసుపత్రికి తీసుకెళ్దామండీ" అన్నారు. ఆసుపత్రి 14 కిలోమీటర్లు. దారిలో రైల్వే గేటు. మరొకరు ఐసు నీళ్ళలో ముంచితే న్యుమోనియా వస్తుందన్నారు. నేను జీపును ఆపి, బరకం పరిపించి, కుర్రవానిని దాని మధ్యలో పడుకోబెట్టించాను. ఎనిమిది మంది విద్యార్థులు బరకం అంచులు పట్టి పైకెత్తారు. నీళ్ళు, పగులగొట్టిన ఐసు ముక్కలు అందులో పోశాము. తల పైకి ఉండేటట్లు ఒకరు పట్టుకున్నారు. పట్టుకున్నవారు బరకాన్ని అటూ ఇటూ ఊపుతూ నీటిని కదిలించారు. పదహారు నిమిషాలకు ఉష్ణోగ్రత 102కు దిగింది. అప్పుడు నీళ్ళు వంపించి, ఒళ్ళు తుడిపించి, జీపులో ఎక్కించాము. దారిలో కళ్ళు తెరచి, "సార్, మా టీముకు లెక్క వచ్చిందా?" అని అడిగాడు.

ముందురోజు సాయంత్రం నుండి అతనికి జ్వరం ఉన్నదని ఆసుపత్రిలో తెలిసింది. రాత్రి వసారాలో పడుకున్నాడు, దోమలు నిద్రపోనివ్వలేదు, ఉదయం ఒక అరటిపండు తిన్నాడు. కండరాలు దెబ్బతిన్నాయా, మూత్రపిండాలు, కాలేయం బాగున్నాయా అని రెండు రోజులు పరీక్షించి ఇంటికి పంపారు. కొన్ని వారాలు పరుగు మాన్పించారు. అతడు పూర్తిగా కోలుకున్నాడు. రైల్వే గేటు దగ్గర ఆగి ఉంటే ఏమయ్యేదో నేను ఊహించదలచుకోలేదు.

ముందు చల్లబరచండి, తరువాత తరలించండి

వడదెబ్బలో మెదడు, కాలేయం, మూత్రపిండాలు దెబ్బతినడం, ఉష్ణోగ్రత ఎంత పెరిగిందన్న దానికంటె ఎంతసేపు పెరిగి ఉన్నదన్న దాని మీద ఎక్కువగా ఆధారపడుతుంది. కూలిన అరగంటలోపు చల్లబరచగలిగితే దాదాపు అందరూ బ్రతుకుతారు. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో ఫాల్మత్ అనే ఊరిలో ప్రతి ఆగస్టులో ఏడు మైళ్ళ పరుగు జరుగుతుంది. అక్కడ 18 సంవత్సరాల లెక్కలు పరిశీలిస్తే 274 మందికి పరుగు వలన వడదెబ్బ తగిలింది. ముగింపు గీత వద్దనే ఐసు నీటి తొట్టెలలో ముంచి వైద్యం చేశారు. ఒక్కరు కూడా మరణించలేదు. ఈ జబ్బుకు ఇంతకు మించిన ఔషధం నాకు తెలియదు. దానికి కావలసినవి నీళ్ళు, ఐసు, ముందుచూపు.

వడదెబ్బ అయితే చెమట పట్టదని చాలామంది నమ్మకం. వృద్ధులలో ఎండకాలం వచ్చే వడదెబ్బలో చర్మం పొడిగా ఉండవచ్చు. పరిగెత్తేవారిలో చెమట కారుతూనే ఉంటుంది. 1984 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్ మారథానులో స్విట్జర్లాండు క్రీడాకారిణి గేబ్రియేలా ఆండర్సన్-షీస్ మైదానంలోకి ఒరిగిపోతూ వచ్చిన దృశ్యాన్ని మీలో కొందరు చూసే ఉంటారు. ఆమెకు చెమట పడుతున్నదని గమనించి వైద్యులు ఆమెను ఆపలేదు. ఆమె 37వ స్థానంలో గీత దాటి, కూలిపోయి, అదృష్టవశాత్తు త్వరగానే కోలుకున్నది. చెమటను చూసి ధైర్యపడకండి. మాటను, నడకను చూడండి. పేరు, ఊరు, నంబరు తప్పుగా చెప్పినా, అకారణంగా కోపపడినా, తూలినా, వెనుకకు నడిచినా అది వడదెబ్బ అనే భావించి చల్లబరచడం మొదలుపెట్టాలి. చంకలో, నుదుటి మీద, చెవిలో చూసే ఉష్ణమాపకాలు పరుగు తరువాత తక్కువ చూపిస్తాయి.

చేయకూడనివి కూడా చెప్పాలి. స్పృహ సరిగా లేని వ్యక్తి నోటిలో గ్లూకోజు నీళ్ళు, సోడా పోయరాదు. అవి ఊపిరితిత్తులలోకి పోతాయి. చేతిలో తాళాల గుత్తి పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపడం కాలయాపన. పారసెటమాల్ ఇది తగ్గించదు. ఎందుకంటే ఇది సూక్ష్మజీవుల వలన వచ్చిన జ్వరం కాదు. చుట్టూ జనం మూగరాదు. తొట్టి లేకపోతే బరకం, బరకం లేకపోతే తడి తువ్వాళ్ళు, బోరు నీళ్ళు, పంకా. ఏది దొరికితే దానితో వెంటనే మొదలుపెట్టాలి. స్పృహ లేనివారి తల నీటిలో మునగకుండా ఒకరు ఆ పని మీదనే ఉండాలి.

వెనుకబడిన అమ్మాయి

వడదెబ్బ పది నిమిషాలలో తెలుస్తుంది. నెలల తరబడి కనపడకుండా పరుగును దెబ్బతీసేది రక్తహీనత.

మరొక పోటీలో 5,000 మీటర్ల పరుగులో ఒక అమ్మాయి ప్రతి చుట్టులోను వెనుకబడి, అందరూ ముగించిన తరువాత చివరగా వచ్చింది. "రెండేళ్ళ క్రితం జిల్లాలో మొదట వచ్చిన పిల్లండీ. ఇప్పుడు బద్ధకం పట్టుకుంది" అని ఆమె వ్యాయామ అధ్యాపకుడు అందరి ముందు అన్నాడు. ఆమె తల వంచుకొని నిలబడింది. నేను ఆమెను పక్కకు పిలిచి, కనురెప్ప కింద చూస్తే తెల్లగా పాలిపోయి ఉన్నది. "ఏమ్మా, బియ్యం నములుతావా?" అని అడిగాను. ఆశ్చర్యపడి, సిగ్గుపడి, "బలపాలు కూడా తింటానండీ" అన్నది. పచ్చి బియ్యం, బలపాలు, మట్టి, ఐసు తినాలనిపించడం ఇనుము లోపానికి గుర్తు. రక్తపరీక్ష చేయిస్తే హీమోగ్లోబిన్ 8.4 గ్రాములు. స్త్రీలలో 12కు తగ్గితే రక్తహీనతగా పరిగణిస్తాము.

ఒక గ్రాము హీమోగ్లోబిన్ సుమారు 1.34 మిల్లీలీటర్ల ప్రాణవాయువును మోస్తుంది. 12.5 గ్రాములు ఉండవలసిన చోట 8.4 ఉంటే ఆ అమ్మాయి రక్తం మూడవ వంతు తక్కువ ప్రాణవాయువును మోస్తున్నదన్నమాట. ఆమె బద్ధకంగా పరిగెత్తలేదు. ఉన్న ప్రాణవాయువుతో తోటివారి కంటె ఎక్కువ కష్టపడి పరిగెత్తింది.

ఆమెకు నెలసరి రక్తస్రావం ఎక్కువ. మాంసాహారం తక్కువ. అన్నం తిన్న వెంటనే టీ త్రాగే అలవాటు. టీ, కాఫీ ఇనుమును ఒంటికి పట్టనివ్వవు. వీటికి తోడు ఆమె ఊరి పొలాల గట్ల మీద చెప్పులు లేకుండా పరుగు సాధన చేసేది. తడి మట్టిలో ఉండే కొంకి పురుగుల పిల్లలు పాదాల చర్మం గుండా శరీరంలో ప్రవేశించి, ప్రేగులలో స్థిరపడి రక్తం పీలుస్తాయి. మలపరీక్షలో వాటి గుడ్లు కనిపించాయి. ఇవి కాక, సుదూరం పరిగెత్తేవారు చెమటలోను, ప్రేగులలోను కొంత ఇనుమును కోల్పోతారు. పాదాల తాకిడికి కొన్ని ఎర్ర రక్తకణాలు చిట్లుతాయి. కఠినమైన పరుగు తరువాత కొన్ని గంటలు ప్రేగులు ఇనుమును సరిగా గ్రహించవు.

పురుగులకు ఆల్బెండజోల్ మాత్ర, ఇనుము మాత్రలు, భోజనానికి టీకి మధ్య గంట వ్యవధి, ఆకుకూరలో నిమ్మరసం, వారానికి రెండుసార్లు కార్జం, రోజూ గుడ్డు, కాలికి బూట్లు. వైద్యమంతా ఇంతే. హీమోగ్లోబిన్ సరి అయిన తరువాత కూడా ఇనుము నిల్వలు నిండేవరకు కొన్ని నెలలు మాత్రలు కొనసాగించాము. మరుసటి సంవత్సరం అదే దూరంలో ఆమె ఆరవ స్థానంలో వచ్చింది. ఆ అధ్యాపకుడే నా దగ్గరకు వచ్చి తన జట్టులోని మిగిలిన అమ్మాయిలందరికీ పరీక్షలు చేయించాలని అడిగాడు. ఆ రోజు నాకు కలిగిన తృప్తి పతకం వచ్చినవారికి కూడా కలిగి ఉండదు.

ఆమె ఒక్కతే కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుండి 49 సంవత్సరాల స్త్రీలలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. అనగా పరుగు గీత మీద పదిమంది అమ్మాయిలు నిలబడితే వారిలో ఐదారుగురికి రక్తం తక్కువగా ఉండే అవకాశం ఉన్నది. పరుగుకు ముందు వేలి కొన నుండి ఒక చుక్క రక్తం తీసి చూడడం ఖరీదైన పని కాదు.

నెలసరి గురించి కూడా సంకోచం లేకుండా మాట్లాడాలి. బరువు తగ్గితే వేగం పెరుగుతుందని కొందరు అమ్మాయిలు తిండి తగ్గిస్తారు. శరీరానికి శక్తి చాలక నెలసరి ఆగిపోతుంది. దానిని కొందరు శిక్షణ వలన సహజమని, మరికొందరు సౌకర్యమని భావిస్తారు. అది ఎముకలు బలహీనపడుతున్నాయనడానికి హెచ్చరిక. మూడు నెలలు నెలసరి రాకపోయినా, ముంగాలి ఎముక మీద ఒక్క చోట వేలితో నొక్కితే నొప్పి పుడుతున్నా పరుగు ఆపి వైద్యులను చూడాలి. ఆ నొప్పి ఎముకలో సన్నని పగులు కావచ్చు.

గుండె గురించి నాలుగు మాటలు

యువ క్రీడాకారులు మైదానంలో హఠాత్తుగా మరణించడం అరుదు. కాని జరుగుతుంది. గుండె కండరం పుట్టుకతో వచ్చిన లోపం వలన మందమవడం, గుండె లయలో దోషాలు ముఖ్య కారణాలు. ఇటలీలో 1982 నుండి క్రీడాకారులకు ఇ.సి.జి.తో సహా వైద్యపరీక్ష తప్పనిసరి చేశారు. ఆ దేశంలోని వెనెటో ప్రాంతంలో యువ క్రీడాకారుల హఠాన్మరణాలు ఆ తరువాత 89 శాతం తగ్గాయి. అంత ఏర్పాటు మనకు లేకపోయినా మూడు ప్రశ్నలు అడగవచ్చు. పరుగు మధ్యలో ఎప్పుడైనా స్పృహ తప్పిందా? శ్రమ పడినప్పుడు ఛాతీలో నొప్పి, గుండె దడ వచ్చిందా? కుటుంబంలో ఎవరైనా 50 ఏళ్ళలోపు హఠాత్తుగా మరణించారా? ఒక్కదానికి "అవును" అన్నా హృద్రోగ నిపుణులు చూసేవరకు పరిగెత్తించరాదు. పరుగు ముగించి నిలబడిన తరువాత కళ్ళు తిరగడం వేరు, పరిగెత్తుతూ పడిపోవడం వేరు. రెండవది గుండెకు సంబంధించినదే అనుకోవాలి. శ్వాస లేకపోతే ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుండి 120 సార్లు, 5 నుండి 6 సెంటీమీటర్ల లోతున నొక్కుతూ, ఏఈడీ యంత్రం తెప్పించాలి.

నిర్వాహకులు, అధ్యాపకులు, తల్లిదండ్రులు చేయవలసినవి

1. దూరపు పరుగులను సూర్యోదయానికే మొదలుపెట్టండి. అతిథుల కొరకు ఆపకండి. సభ తరువాత జరుపుకోవచ్చు.

2. ముగింపు గీత వద్ద నీడలో నీళ్ళ తొట్టి లేక బరకం, ఐసు, ఉష్ణమాపకం సిద్ధంగా ఉండాలి. అంబులెన్సు లేకుండా విజిల్ ఊదరాదు.

3. క్రాస్ కంట్రీ దారిలో ప్రతి కిలోమీటరుకు ఫోను ఉన్న ఒక వాలంటీరును, చివరి పరుగువాని వెనుక ఒక సైకిలును ఉంచండి. పొలాల మధ్య కూలినవారు ఎవరికీ కనిపించరు.

4. దూరం నుండి వచ్చిన పిల్లలకు పడుకోవడానికి దోమలు లేని గది, రాత్రి కడుపునిండా భోజనం ఇవ్వండి. పతకాల ఖర్చు కంటె ఇది ముఖ్యం.

5. నీళ్ళు దాహం మేరకు త్రాగనివ్వండి. లీటర్ల కొద్దీ బలవంతంగా త్రాగించడం వలన రక్తంలో సోడియం పలచబడి ప్రమాదం కలుగుతుంది.

6. పరుగుకు ముందు ప్రతి విద్యార్థిని ఏకాంతంగా "రాత్రి జ్వరం వచ్చిందా, విరేచనాలు అయ్యాయా?" అని అడగండి. జట్టు ముందు అడిగితే నిజం చెప్పరు.

7. జట్టుకు నలుగురే కాక ఐదవవానిని, ఆరవవానిని తీసుకురండి. జబ్బు పడినవాడు తప్పుకోవడానికి దారి ఉండాలి.

ఈ ఏడింటిలో చివరిది నా దృష్టిలో అన్నిటికంటె ముఖ్యమైనది. వైద్యుడు ఎన్ని ఐసు దిమ్మలు పెట్టుకొని కూర్చున్నా, "నేను ఈ రోజు పరిగెత్తలేను" అని ఒక విద్యార్థి ముందుగా చెప్పగలగడమే అసలైన రక్షణ. ఆ మాట చెప్పినవానిని పిరికివాడనకండి. అతనికి తన శరీరం చెప్పినది వినబడింది. శిక్షణలో నేర్పవలసిన విద్యలలో అది ఒకటి. వచ్చే సంవత్సరం మళ్ళీ పోటీలు జరుగుతాయి. అప్పుడు అతడు ఆరోగ్యంగా గీత మీద నిలబడాలి.

మీ ఇంట్లో పరిగెత్తే పిల్లలుంటే వారిని ఆపకండి. ఈ వారం వారి హీమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. పోటీకి వెళ్ళే రోజు "గెలిచి రా" అనడంతో పాటు "ఒంట్లో బాగోకపోతే ఆగిపో, మేమేమీ అనుకోము" అని కూడా చెప్పి పంపండి.

(ఇది అవగాహన కొరకు వ్రాసిన వ్యాసం. మీ ఆరోగ్య సమస్యలకు మీ వైద్యులను సంప్రదించండి.)